మామ్మ నొప్పి చెప్పుకున్న భాష

శ్రీకాకుళం సూర్యావతి ఆరు నెలల్లో జర్మను భాష నేర్చేసిందంటే మీరు నమ్మరు. మొదట నేనూ నమ్మలేదు. బహ్రెయిన్‌లో, మహూజ్ అనే పేటలోని ఒక జర్మను ఇంజనీరు ఇంట్లో అతని ముసలితల్లిని చూసుకునే పని ఆమెది. మామ్మ కబుర్లకు ఏసీ కూడా హోరు తగ్గించి చెవి ఒగ్గేదట! అందులో సగం కొట్టేసినా, సూర్యావతి ఆ మాటలు పట్టేసిన సంగతి మాత్రం నిజం.

"తెలుగే తిన్నగా పలకవు, జర్మనెప్పుడు వచ్చిందే నీకు?" అనేది పక్క ఫ్లాటులో పనిచేసే రాజమండ్రి సాయికుమారి.

"ఏటి నవ్వుతావు? మామ్మ పలికినట్టే నానూ పలుకుతన్నాను."

2006లో ఒక శుక్రవారం ఇంజనీరు దేశంవాళ్లు భోజనానికి వచ్చారు. సూర్యావతి వడ్డిస్తూ, చల్లారకముందే తినండని వాళ్ల భాషలోనే మర్యాద చేసింది. వాళ్లు కళ్లనీళ్లు వచ్చేలా నవ్వారు. ఇంజనీరు ముఖం కందగడ్డ అయింది.

వాళ్లు వెళ్లాక వచ్చీరాని హిందీలో అన్నాడు: "అది జర్మను కాదు, ప్లాట్. మా ఉత్తరాది పల్లెల మోటు మాట. ముసలివాళ్లు తప్ప ఎవరూ మాట్లాడరు, నాకే రాదు. ఖలాస్! అమ్మతో కూడా అది మాట్లాడావంటే నీకు ఇక్కడ పని ఉండదు."

ఊళ్లో కూతురి చదువు ఆ జీతం మీదే నడుస్తోంది. సూర్యావతి నోరు కుట్టేసుకుంది.

వారం తిరక్కుండా మామ్మ తిండి మానేసింది. కొడుకు బడిలో నేర్పే జర్మనులో ఏమైందని అడిగితే "అంతా బాగుంది" అంది. జర్మను డాక్టరు అడిగినా అదే జవాబు. మూడో రోజు గంజి కూడా తోసేసింది.

సూర్యావతి ఇక ఆగలేకపోయింది. పని పోతే పోనీ అనుకుని, కొడుకు ఎదుటే మంచం పక్కన కూర్చుని, "ఎక్కడ నొప్పి మామ్మా?" అని ప్లాట్‌లో అడిగింది.

మామ్మ బావురుమంది. కట్టుడు పళ్లు తీసి, చిగురు మీద ఎర్రగా లేచిన పుండు చూపించింది. ఆ తర్వాత మాటలు ఆగలేదు. సూర్యావతి ఒక్కొక్కటే హిందీలో చెప్పింది. చిన్నప్పుడు ప్లాట్ మాట్లాడినందుకు బడిలో బెత్తం దెబ్బలు తిన్నదట. బడి భాషలో ఎవరేమడిగినా "అంతా బాగుంది" అనడమే అలవాటైందట. ఆ దెబ్బలు కొడుక్కి తగలకూడదనే ప్లాట్ అతనికి నేర్పలేదట.

కొడుకు మంచం దగ్గరికి వచ్చాడు. "అమ్మ నోరు నేనే మూయించాను. నువ్వు తెరిపించావు, తల్లీ. నీ మేలు మరువను. నాకూ ఆ మాట నేర్పు."

"నానేటి నేర్పుతాను సార్, మామ్మ ఉంది కదా! పక్కన కూకోండి."

అతను కూర్చున్నాడు. మామ్మ కొడుకు తలమీద చెయ్యి వేసి, రెండో చేత్తో సూర్యావతి చెయ్యి పట్టుకుంది.

అయ్యలారా, అమ్మలారా! బడి భాష నేర్వండి, పరాయి భాషలు పది నేర్వండి. ఎవరి ఇంటి మాటనూ మాత్రం ఎగతాళి చెయ్యకండి. మనిషి తన బాధను దాచుకోకుండా చెప్పుకునేది ఆ మాటలోనే.