అడుగు నీళ్లు

"మనింటి నీళ్లు తెమ్మంటే తెస్తలేవేంది?" అని నా భార్య పూజిత దవాఖానా మంచం మీద నుంచి రోజూ అడుగుతోంది. ఫిల్మ్‌నగర్ బస్తీలోని మా బోరు నీళ్లంటే ఆమెకు ప్రాణం. సీసా నీళ్లు నోటికి పట్టవట. మూత్రంలో మొదలైన ఇన్‌ఫెక్షన్ రక్తంలోకి పాకింది, జ్వరం దిగడం లేదు, ఈమెకేమో నీళ్ల మీద ధ్యాస! కోపమొచ్చింది నాకు. కోపమంటే ఏముంది, భయమే.

ఆ క్రిములు ఇప్పటిదాకా ఇచ్చిన ఏ మందుకీ లొంగడం లేదని డాక్టరమ్మ చెప్పింది. ఇంట్లో వాడే నీళ్లు పరీక్షకు తెమ్మంది. బోరు నీళ్లూ, వంటింటి డ్రమ్ములో నీళ్లూ విడివిడిగా ఇచ్చాను. రెండింట్లోనూ అలాంటి మొండి క్రిములే దొరికాయి, డ్రమ్ములో మరీ ఎక్కువ.

"ఈ నీళ్ల నుంచే వచ్చిందని ఖాయంగా చెప్పలేను. కానీ ఇక తాగకండి," అంది డాక్టరమ్మ. "జ్వరమొస్తే రెండు గోలీలు వేసుకుని మిగిలినవి దాచుకుంటారు కదా అందరూ? సగం మందుతో క్రిములు చావవు, ముదురుతాయి. మన ఒంట్లోంచి మురుగు మోరీలోకి, అక్కణ్ణుంచి భూమిలోకి, బోరు నీళ్లలోకి పోతాయి."

ఇంటికెళ్లి డ్రమ్ములో చెయ్యి పెట్టి చూశాను. అడుగంతా జిగట. ఉండదా మరి! మా అమ్మ కొమురమ్మ దాన్ని ఏనాడూ పూర్తిగా ఖాళీ చేయనివ్వదు. నీళ్ల పాత్ర వట్టిదైతే ఇంటికి అరిష్టమట. పాత నీళ్ల మీదే కొత్త నీళ్లు పోస్తుంది. సినిమా సెట్లకు వడ్రంగం చేసే చేతులు నావి, ఒక్క గుంజుడుతో డ్రమ్మును వాకిట్లోకి లాగాను.

"వద్దు బిడ్డా! అడుగున జర రెండు చెంబులన్న ఉంచు. కోడలు పిల్ల దవాఖాన్ల ఉన్నప్పుడు ఇల్లు వట్టిగ చెయ్యొద్దు," అంటూ అమ్మ డ్రమ్ము పట్టుకుని ఏడ్చింది.

"ఇల్లు వట్టిగనే ఉన్నది గదనే!" అని అరిచాను.

అమ్మ చేతులు వదిలేసింది. నీళ్లన్నీ పారబోశాను. కాసేపటికి తనే కొంగు దోపుకుని, బ్లీచింగ్ పొడి తెమ్మని, డ్రమ్ములోకి వంగి తోమింది.

మర్నాడు డాక్టరమ్మను అడిగి, ఇంట్లో మరగకాచి చల్లార్చిన నీళ్లు తీసుకెళ్లాను. అప్పటికి కొత్త ఇంజెక్షన్ మొదలుపెట్టారు. ఇక మిగిలింది అదొక్కటేనట. పనిచేస్తుందో లేదో ఇప్పుడే చెప్పలేమన్నారు.

పూజిత ఆశగా సీసా అందుకుంది. ఒక్క గుక్క తాగి నా మొహంలోకి చూసింది.

"గివి మనయి గావు."

"మనయే. కాగబెట్టిన. ఇగ మనింట్ల గిట్లనే ఉంటయి."

"రుచే లేదు."

జరిగిందంతా ఉన్నదున్నట్టు చెప్పాను. అమ్మ ఏడ్చిందీ, తోమిందీ అన్నీ. తన నీళ్లు పారబోసినందుకు తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. సీసాను గుండెకు ఆనించుకుని కళ్లు మూసుకుంది.

"రుచి లేకున్నా తాగుత. చేదున్నా తాగుత. నన్ను ఇంటికి తీస్కపో."

ఇన్ని రోజులుగా కనబడిన వాళ్లందరి మీదా అరుస్తూ తిరిగినవాణ్ణి. తీస్కపోత అని ఒక్క మాట అనడానికి నోరు పెగల్లేదు.