నిప్పు తగలని కర్కదే

షాయా కర్కదేను మరిగించింది. ఇందులో రెండో మాటకు చోటు లేదు.

మెక్కీ భార్య నబ్రా పోయిన నలభయ్యో రోజున, ఆవిడ వంటింట్లో, ఆవిడ పొయ్యి మీద, ఆవిడ ఏరి కొని దాచుకున్న ఎండు ఎర్ర గోగుపూలను సొంత చెల్లెలు షాయా కుతకుత ఉడికించింది. చల్లార్చి, పంచదార కలిపి, ఇదే కర్కదే అని వచ్చినవాళ్లందరికీ పంచింది. పైగా, "మా అక్క చేత్తో చేసినట్టే ఉందా?" అని అడిగింది. వచ్చినవాళ్లు మర్యాదస్తులు. ఉందన్నారు. మెక్కీ ఒక్క గుక్క తాగి గ్లాసు గోడవారన పెట్టేశాడు. ఒట్టి వగరు. తుప్పుపట్టిన మేకును నాకినట్టుంది.

"నబ్రా ఏనాడూ మరిగించలేదు," అన్నాడు అందరి ముందూ.

"మరిగించేది బావా. నీకు తెలీదు."

ఇన్నేళ్లు కాపురం చేసినవాడికి తెలీదట. పండగకోసారి వచ్చి పోయేదానికి తెలుసట. ఆ రోజు నుంచి మెక్కీ మరదలితో మాట్లాడలేదు. వీధిలో ఎదురుపడితే నైలు వైపు చూసేవాడు. నది ఎప్పుడూ అక్కడే ఉంటుంది కాబట్టి చూడటానికి ఇబ్బంది లేదు.

నబ్రా కర్కదే సంగతి పడమటి ఒడ్డున తెలియనివాళ్లు లేరు. ఆమె పూలను కొనేటప్పుడు సంచిలో చెయ్యి పెట్టి కలియబెట్టేది. ఎండుటాకుల్లా గలగలమంటే కొనేది. మెత్తగా చప్పుడు లేకుండా ఉంటే సంతలో ఎంతటివాడైనా సరే, సంచి వాడి ఒళ్లోకి తోసేసి లేచిపోయేది. ఇంటికి తెచ్చాక చాటలో పోసి ఇసుక చెరిగేది. ఒక్కసారి నీళ్లలో ముంచి తీసేది, అంతే. రెండోసారి కడిగితే రంగు మురికికాలవ పాలవుతుందనేది. సాయంత్రం వాటిని మట్టిబానలోని చల్లటి నీళ్లలో వేసి, నీడపట్టున వసారాలో పెట్టి, మూతకు తడిగుడ్డ కట్టేది.

మర్నాడు మధ్యాహ్నం మెక్కీ పడవ కట్టేసి ఇంటికి వచ్చేసరికి కర్కదే సిద్ధంగా ఉండేది. వస్తూ వస్తూ అవతలి ఒడ్డు నుంచి గోనెపట్టాలో చుట్టి ఐసుగడ్డ తెచ్చేవాడు. ఆమె దాన్ని గుడ్డలో వేసి రోకలితో ఒక్క దెబ్బ కొట్టేది. బానలో ఐసు వేసేది కాదు. గ్లాసులో ముందు ఐసు వేసి, పైనుంచి కర్కదే పోసేది. ఐసు చిటపటమని పగిలేది. కరిగాక కూడా రుచి పలచబడకుండా, కావాలనే ఒక పాలు చిక్కగా చేసేది. రంగు చూస్తే కోసిన దానిమ్మ గుర్తొచ్చేది. మొదట పూల వాసన, ఆ తరవాత పులుపు, గొంతు దిగాక చాలాసేపు నిలిచే ఒక బరువు. ఎండలో తెరచాప లాగి లాగి వచ్చినవాడికి ఆ గ్లాసు చాలు. బతుకు మీద కోపం కాసేపు వాయిదా పడేది.

రేవులో పడవలవాళ్లతో మెక్కీ ఒకటే గొప్ప చెప్పుకునేవాడు. "మీ ఆడవాళ్లు పూలను ఉడకేసి చంపుతారు. మా ఇంట్లో కర్కదేకు నిప్పు తగలదు." నబ్రా ఎదుట కూడా అనేవాడు. ఆమె నవ్వేది.

ఆ వేసవిలో షాయా కూతురు ఫౌజియాకు పెళ్లి కుదిరింది. తల్లీకూతుళ్లు మెక్కీ గుమ్మం ముందుకు వచ్చి నిలబడ్డారు. రాక తప్పదు. చావు జరిగిన ఇంటికి ఏడాది తిరగకపోతే ఆ వీధిలో పెళ్లికి డప్పులు మోగవు. ఆ ఇంటివాళ్లు తమ చేత్తో చేసిన కర్కదే బాన పంపితే అనుమతి ఇచ్చినట్టు. పెళ్లికూతురి తల్లి అందులోంచి మొదటి గ్లాసు తాగుతుంది. అప్పుడు డప్పు మీద చెయ్యి పడుతుంది. బాన రాకపోతే పెళ్లి పెళ్లే గానీ, శవం ఉన్న ఇంట్లో భోజనాల్లా ఉంటుంది.

"పెదనాన్నా," అంది ఫౌజియా. "పెద్దమ్మ ఉంటే నా పెళ్లికి డప్పు తనే పట్టేది. నువ్వు వద్దంటే మేమేమీ అనుకోం. మౌనంగానే చేసుకుంటాం."

మెక్కీ ఆ పిల్ల వంక చూశాడు. చిన్నప్పుడు నబ్రా ఒళ్లో పడుకుని, ఎర్రబడిన నాలుక బయటపెట్టి అందరికీ చూపించేది. పిల్లల్లేని ఇంట్లో ఆ ఎర్ర నాలుక ఒక్కటే సందడి.

"డప్పులు మోగుతాయి," అన్నాడు. "బాన పంపుతాను."

షాయా గొంతు సవరించుకుంది. "పూలు నానబెట్టడానికి నేనొస్తాలే బావా."

"అక్కర్లేదు. నేను చేస్తాను."

"నువ్వా! టీ కాచుకోవడం రాక పక్కింటివాళ్ల గోడ మీంచి గ్లాసు అందుకుంటున్నావని ఊరంతా చెప్పుకుంటోంది."

"ఊరికి పని లేదు. కర్కదే ఎలా చెయ్యాలో నేను చూశాను."

"ఏం చూశావు? సాయంత్రం నానబెట్టడం చూశావు. మధ్యాహ్నం తాగావు. మధ్యలో నువ్వు నైలు మీద ఉన్నావు. బావా, ఒక్క మాట విను. నానాక ఆ పిప్పిని..."

"షాయా! ఆ మాట నా గుమ్మంలో అనకు. ఇప్పటికే ఒకసారి అన్నావు."

"అక్క మీద నీకొక్కడికే హక్కున్నట్టు మాట్లాడతావేం?"

"నేను మాట్లాడట్లేదు. తలుపు వేస్తున్నాను."

నిజంగానే వేశాడు. తలుపు అవతల ఫౌజియా అనడం వినిపించింది. "అమ్మా, నోరు అదుపులో పెట్టుకోలేవా? డప్పులకు ఒప్పుకున్నాడుగా." "డప్పులు వస్తాయే," అంది షాయా. "కర్కదే రాదు. వీధి వీధంతా మా అక్క బాన అనుకుని తాగి మొహం చిట్లిస్తుంది. నాకు అదే బెంగ."

మెక్కీకి ఆ మాట గుచ్చుకుంది. బాన నబ్రా ఇంటి నుంచి వెళ్తుంది. తాగేవాళ్లు మెక్కీని తలవరు, నబ్రాను తలుస్తారు. రుచి తప్పితే ఆమె పేరు పోతుంది. చనిపోయినవాళ్లు వచ్చి ఇంకో బాన చేసి చూపించలేరు.

గోడకు వేలాడుతున్న చివరి సంచి దించాడు. పూలు గలగలమన్నాయి. ఇసుక చెరిగాడు. ఒక్కసారే ముంచి తీశాడు. ఎందుకైనా మంచిదని కొన్ని పూలు మాత్రమే చిన్న బానలో వేసి, తడిగుడ్డ కట్టి, ఆమె పెట్టిన చోటే పెట్టాడు. ఒక్కటి కూడా తప్పలేదు. ఆ సంగతి తనకు తెలుసు.

మర్నాడు పొద్దున తెల్లటి నూలుగుడ్డలో వడకట్టాడు. రంగు బాగుంది. వాసన ఇంకా బాగుంది. పంచదార కలిపి, గ్లాసులో ఐసు వేసి పోసుకుని తాగాడు.

వాసన ఉంది. పులుపు ఉంది. అంతకుమించి లేదు. గుమ్మం దాకా వచ్చి లోపలికి రాకుండా వెళ్లిపోయిన చుట్టంలా నాలుక మీంచి జారిపోయింది. ఇంకాస్త పంచదార వేశాడు. పంచదార నీళ్లయింది. పంచదార తగ్గించి ఇంకో గ్లాసు కలిపాడు. పుల్లనీళ్లయింది. ఐసు కరిగేసరికి ఆ పులుపు కూడా పోయింది.

నీళ్ల తప్పేమో అనుకున్నాడు. బాన తప్పేమో అనుకున్నాడు. ఐసు అమ్మినవాణ్ని తిట్టాడు. ఆఖరికి గుడ్డలోంచి గుప్పెడు పిప్పి తీసి, విసురుగా పెరట్లో మేక ముందు పడేశాడు.

మేక పరిగెత్తుకొచ్చింది. నబ్రా ఉన్నన్నాళ్లూ దానికి ఆ పిప్పి అంటే ప్రాణం. ఆమె గుమ్మం దాటకముందే తాడు తెంపుకునేంత పని చేసేది. ఇప్పుడు ఒక రెక్క నోట్లో పెట్టుకుంది. తల విదిలించింది. ఉమ్మేసింది. మెక్కీ వంక ఒకసారి చూసి, వెనక్కి తిరిగి నిలబడింది.

"నువ్వు కూడానా?" అన్నాడు మెక్కీ. "నువ్వు కూడా షాయా పక్షమేనా?"

వంగి ఒక రెక్క తీసి నోట్లో వేసుకున్నాడు. దవడలు లాగేశాయి. పిప్పి అయిందన్న మాటే గానీ పులుపంతా అందులోనే ఉంది. రంగు కూడా ముదురు ఎరుపే. అప్పుడు గుర్తొచ్చింది. నబ్రా మేకకు వేసే పిప్పి ఇలా ఉండేది కాదు. చాకిరేవులో నలిగి నలిగి వెలిసిన గుడ్డలా, పాలిపోయి, మెత్తగా ఉండేది. మేక దాన్ని అన్నంలా తినేది.

మరి ఈ పులుపు, ఈ ఎరుపు ఎక్కడికి పోయేవి?

మెక్కీ లోపలికి వెళ్లి, పిండి డబ్బా వెనక మేకుకు తగిలించి ఉన్న నీలం అంచు ఎనామిల్ గిన్నె తీశాడు. వసంతం పండక్కి కోడిగుడ్లకు రంగేసే గిన్నె అది. ఇన్నాళ్లూ అతను అలాగే అనుకున్నాడు. ఎవరూ చెప్పలేదు, అతను అడగలేదు. గుడ్లకు నబ్రా ఉల్లిపొట్టు రంగు వేసేది. ఉల్లిపొట్టు రంగు గోధుమరంగు. గిన్నె లోపల, సగానికి కాస్త కింద, తోమినా పోని గీత ఒకటి చుట్టూ తిరిగి ఉంది. ముదురు ఎరుపు. ఒకరోజుది కాదు, ఏళ్లది.

గుడ్డలో మిగిలిన పిప్పిని అందులో వేశాడు. ఆ గీత దాకా నీళ్లు పోశాడు. పొయ్యి వెలిగించాడు. వంటింట్లో ఎవరూ లేకపోయినా ఒకసారి వెనక్కి తిరిగి చూశాడు.

ఒక్క పొంగు రాగానే దించేశాడు. షాయాలా కుతకుత ఉడకనివ్వలేదు. అంతపాటి తెలివి ఉంది. నీళ్లు సిరాలా చిక్కబడ్డాయి. చల్లారాక వడకట్టి, నానబెట్టిన కర్కదేలో కలిపాడు. దానిమ్మ రంగు వచ్చింది. ఐసు మీద పోశాడు. చిటపటమంది.

తాగాడు.

వాసన ముందు వచ్చింది. పులుపు వెనకే వచ్చింది. ఆ తరవాత గొంతులో ఆ బరువు వచ్చి కూర్చుంది. నబ్రా వంటింట్లో ఉన్నట్టే ఉంది. మెక్కీ గ్లాసు పూర్తిచేసి, మరోటి పోసుకుని, నిలబడే తాగాడు. తరవాత పాలిపోయిన పిప్పిని తీసుకెళ్లి మేకకు వేశాడు. అది మారుమాట లేకుండా తినేసింది.

చల్లటి నీళ్లకు దొరికే వాసన నిప్పుకు దొరకదు. నిప్పుకు దొరికే సారం చల్లటి నీళ్లకు దొరకదు. నబ్రా రెండింటినీ పట్టుకుంది. బడి గడప తొక్కనిది, ఎవరూ చెప్పకుండా. తెల్లవారుజామున అతను తెరచాప భుజాన వేసుకుని రేవుకు దిగాక, లేచి పొయ్యి వెలిగించేది. అతను వచ్చేలోగా గిన్నె తోమి పిండి డబ్బా వెనక పెట్టేసేది. అతను గుమ్మంలోకి వస్తూనే, "నిప్పు తగలని కర్కదే ఏదీ?" అని అరిచేవాడు. ఆమె నవ్వుతూ గ్లాసు అందించేది. ఊరి ముందు మొగుడు చెప్పుకునే గొప్ప అబద్ధం కాకూడదని ఒక్కనాడూ నోరు విప్పలేదు. అలాంటి మనిషిని అతను మళ్లీ చూడడు.

గురువారం పొద్దు వాలకముందే పెద్ద బానను మెక్కీ తనే బండి మీద పెట్టుకుని పెళ్లింటికి తోలుకెళ్లాడు. పూలన్నీ అయిపోయాయి. సంచి ఖాళీ. వీధిలో ఆడవాళ్లు దారి ఇచ్చి నిలబడ్డారు. డప్పులవాళ్లు చర్మాలు కాచుకుని సిద్ధంగా ఉన్నారు. ఒక ముసలి పడవవాడు అరుగు మీంచి, "మెక్కీ, నిప్పు తగలనిదేనా?" అని అరిచాడు. మెక్కీ బండి ఆపలేదు.

గ్లాసులో ఐసు వేసి, కర్కదే పోసి షాయాకు అందించాడు. ఈసారి నది వైపు చూడలేదు.

షాయా ఒక గుక్క తాగింది. ఆగింది. మిగతాది కళ్లు మూసుకుని నెమ్మదిగా తాగింది. పక్కన ఫౌజియా ఆగలేక గ్లాసు లాక్కుని, అడుగున మిగిలిన చుక్కలు నాలుక మీద వంచుకుంది. అందరికీ కనబడేలా నాలుక బయటపెట్టింది. ఎర్రగా ఉంది. ఆడవాళ్లు నవ్వారు. ఎవరో ముక్కు చీదారు.

షాయా మెక్కీ దగ్గరికి జరిగి, అతనికొక్కడికే వినబడేలా అంది. "బావా. మరిగించావు."

మరిగించడం తప్పు కాదని ఇప్పుడు మెక్కీకి తెలుసు. ముందు నానబెట్టకుండా మరిగించడం తప్పు. నలభయ్యో రోజున జనం గుమ్మంలో ఉన్నారని, టైం లేదని ఈమె నానబెట్టలేదు. ఆ తప్పు తప్పే. దాన్ని అతను మన్నించలేదు, మన్నించబోడు.

"డప్పులు మొదలుపెట్టమను," అన్నాడు.

"ఒక్కసారి ఒప్పుకో బావా. ఎవరికీ చెప్పను. మా అక్క మీద ఒట్టు."

అరుగు మీద ముసలివాడు అప్పటికే తన వంతు తాగేసి, ఖాళీ గ్లాసు పైకెత్తి ఊరంతా వినేలా చాటుతున్నాడు. "ఇదీ నబ్రా బాన అంటే! నిప్పు తగలలేదర్రా, నిప్పు తగలలేదు!"

మెక్కీ అటు చూశాడు. ఆ ముసలివాడి మాట సరిదిద్దలేదు. మరదలి వైపు తిరిగాడు.

"వినబడిందిగా. నబ్రా బాన. అంతే. మిగతా సంగతి నువ్వు నా దగ్గర ఎత్తకు. నేను ఎవరి దగ్గరా ఎత్తను. ఈ రోజే కాదు, ఇక ఎన్నటికీ."