ఎండ తగలని ఏడో దిమ్మ

నేను ఒక మిగులు ముద్దను. ఆరు ఇనప అచ్చులు నింపాక తట్టలో మిగిలిన కాంక్రీటును పారబోయడానికి చేతులు రాక, హైమావతి అనే ప్రయోగశాల ఇంజనీరు దాన్ని ఏడో అచ్చులో కూరింది. అలా జానెడైనా లేని దిమ్మగా పుట్టాను.

నాలో ఉన్నవి కూడా మిగుళ్లే. ఇసుక, కంకర పోగా సిమెంటు సగం. తక్కిన సగం కరెంటు ఫ్యాక్టరీ పొగగొట్టంలో పట్టిన బూడిద, ఉక్కు కొలిమిలో తేలిన మడ్డిని దంచిన పొడి. బూడిదగా ఉన్న రోజులు లీలగా గుర్తున్నాయి. ఆరేసిన బట్టల మీద వాలితే ఆడవాళ్లు తిట్టి దులిపేవారు. నాలో ఏముందో తెలుసుకోవాలన్న కుతూహలం నాకు బహుశా అప్పుడే అంటుకుంది.

మమ్మల్ని పోతపోసింది జాలర్ల కొత్త జెట్టీ కోసం. ఇదే మిశ్రమంతో సముద్రంలో నాలుగు స్తంభాలు లేచాయి. పాత జెట్టీలోకి ఉప్పునీరు ఇంకి లోపలి చువ్వలను తినేసింది. ఒకరోజు అది కూలిపోయి పోలయ్య అనే జాలరి కుడికాలు నుజ్జు చేసింది. బూడిద, మడ్డి కలిస్తే కాంక్రీటులో సందులు పూడుకుపోయి ఉప్పు చొరబడదని హైమావతి నమ్మకం. వేట మానుకున్న పోలయ్య ఇప్పుడు కొత్త జెట్టీకి కాపలాదారు. ఆ పక్కనే మేం నానుతున్న నీళ్లతొట్టికి కూడా.

మనుషులు దేన్నైనా గట్టిదని నమ్మాలంటే ముందు దాన్ని పగలగొట్టి చూడాలి. ఏడో రోజున మాలో ముగ్గురిని పట్నంలో బలం కొలిచే యంత్రం కింద పెట్టారు. 

"తక్కువొచ్చిందంట గదమ్మా?" అన్నాడు పోలయ్య, ఆమె తిరిగి రాగానే.

"ఇవి మెల్లగా బలం పుంజుకుంటాయి పోలయ్యా. ఇరవై ఎనిమిదో రోజున ఎనభై టన్నులు మోస్తే చాలు."

ఆ జవాబులో పోలయ్యకు ఓదార్పు మాత్రమే వినిపించింది. తక్కువన్న మాట మనసులో ముల్లులా ఉండిపోయింది. ఆమె పట్నం వెళ్లగానే మిగిలిన ముగ్గురినీ తొట్టిలోంచి తీసి ఎండుచేపల పక్కన పేర్చాడు. రోజూ చేపలతో పాటు వాళ్లనూ తిరగేసేవాడు. నేను తొట్టిలోని నీళ్ల పైపు వెనక మూలకు జారి పాచిపట్టి ఉన్నాను. అతని కాలు అంత దూరం వంగనివ్వలేదు.

నిజం చెప్పాలి, నాకు అసూయ కలిగింది. మళ్లీ మిగిలిపోయాననుకున్నాను. కానీ ఆ చీకటి నీళ్లలో నా లోపల ఏదో జరుగుతూండేది. ఒక్కో సందే మూసుకుంటున్నట్టు, ఒక ఆలోచన నెమ్మదిగా కుదురుకుంటున్నట్టు. అదేమిటో చూడాలని ఉండేది. ఎవరికైనా తన లోపల తనకెలా కనిపిస్తుంది?

పరీక్షకు ముందురోజు పోలయ్య ఆ ముగ్గురినీ తీసినచోటే జాగ్రత్తగా పెట్టేశాడు. యంత్రం కింద వాళ్లు అరవై టన్నులకే పగిలారు.

"బూడిదతో కట్టడమేమిటని మొదటే అన్నాను కదమ్మా," అన్నాడు పెద్ద ఇంజనీరు. "ఎల్లుండి ఆ స్తంభాలు కొట్టించెయ్యండి."

స్తంభాలు పోతే కాంట్రాక్టరు మళ్లీ రాడు. జెట్టీ ఇక లేనట్టే.

హైమావతి తొట్టి దగ్గరకొచ్చింది. నీళ్లు చూసింది, పైపు చూసింది. పక్కన ఇసుకలో, ఎండుచేపల నడుమ, మూడు చదరపు గుర్తులు కనిపించాయి.

ఆమె చూపు ఎటుందో గమనించి పోలయ్య దిగులుగా అడిగాడు: "ఎండ సాల్నేదేటమ్మా?"

ఆమె వంగి ఆ గుర్తుల మీద వేలితో రాసి చూసింది.

"నీలల్లో నాని మెత్తబడిపోతన్నాయని తీసీసినానమ్మా. సేపయితే మూడెండలకి కర్రలాగయిపోద్ది."

హైమావతి తొట్టి గట్టు మీద కూలబడింది. "ఇది నీళ్లు తాగి గట్టిపడుతుంది పోలయ్యా. ఎండబెడితే ఎదుగుదల ఆగిపోతుంది."

అతని చెయ్యి కుంటికాలి మీదికి పోయింది. "అయితే జెట్టీని నానే సంపీసినానా?"

అతన్నే చూస్తూ కూర్చున్న ఆమె చటుక్కున లేచింది. "ఏడోది ఏదీ?" భుజం దాకా చెయ్యి ముంచి, పైపు వెనక తడిమి, పాచితో సహా నన్ను పైకి లాగింది.

పట్నానికి పోలయ్య కూడా వచ్చాడు. యంత్రం నన్ను నొక్కుతుంటే అతని పెదవులు అంకెలు లెక్కపెట్టాయి. ఎనభై దాటింది. తొంభై దాటింది. తొంభై మూడు దగ్గర నేను పగిలాను. ఎన్నడూ చూడని నా లోపలి భాగం మీద వెలుతురు పడింది. చిక్కటి బూడిదరంగు. చీమ దూరే సందు కూడా లేదు.

"ఒక్క దిమ్మ మాట చెల్లదు," అన్నాడు పెద్ద ఇంజనీరు. అయినా సమ్మెటలు ఆపించి, స్తంభాల్లోంచే ముక్కలు తొలిచి తెప్పించాడు. అవీ మోశాయి. 

ఇప్పుడు జెట్టీకి పడవలు కడుతున్నారు. నా ముక్కలు చాలావరకు ప్రయోగశాల వెనక చెత్తకుప్పలో ఉన్నాయి. గుప్పెడంత ముక్కను పోలయ్య ఇంటికి తెచ్చి నీళ్లకుండలో వేశాడు.

"రాయిని నానేసి ఏటి వండుతావు?" అంది అతని భార్య.

"ఊరుకోయే. అదింకా తాగతాది."

రోజూ పొద్దున్నే కాలు చాపుకుని కూర్చుని నీళ్లు మారుస్తాడు. మారుస్తూ కుండలోకి తొంగిచూస్తాడు. నేనూ అతన్ని చూస్తాను.