ఏడో నంబరు బావి

కాగితం మీద ఏడో నంబరు బావికి అరవై సిమెంటు బస్తాలని ఉంది. తేదీ 1986 ఫిబ్రవరి. కింద సంతకం అల్సీడ్ గిడ్రీది.

"ఇది మీ సంతకమేనా అండీ?" అని అడిగింది కంపెనీ ఇంజనీరు హాలిస్.

వాళ్లు కూర్చున్నది అల్సీడ్ మేనల్లుడు ఓవిడ్ వంటింట్లో. ఎరువుల ఫ్యాక్టరీ పొగలోంచి వేరుచేసిన కార్బన్ డయాక్సైడ్ గ్యాసును ఓవిడ్ వరి మళ్ల కింద మైలు లోతున దాచబోతున్నారు. అమెరికాలోని దక్షిణ లూసియానాలో ఆ కాస్త చోటులోనే పాత చమురు బావులు పందొమ్మిది. ఏ ఒక్కటి సరిగ్గా మూయకపోయినా గ్యాసు ఆ దారిన పైకొస్తుంది; గాలి కన్నా బరువు కాబట్టి నేలబారున పేరుకుని ఊపిరాడనివ్వదు. వాటిలో పదకొండు మూసింది అల్సీడ్. ఇప్పుడాయనకు ఎనభై రెండేళ్లు.

"ఆయన్ని అడగాలా?" అన్నాడు ఓవిడ్, కాఫీ పోస్తూ. "మా మామయ్య మూసిన బావిలోంచి దోమ కూడా బయటికి రాదు."

"ఎలా వస్తుంది? ఉన్న దోమలన్నీ నీ వంటింట్లోనే ఉంటే" అంది అతని భార్య ఎల్మీర.

అందరూ నవ్వారు. అల్సీడ్ కాగితం చూస్తున్నాడు. ఆ ఏడాది చమురు ధర పడిపోయింది. కాంట్రాక్టరు సిమెంటు పంపలేదు. తనతో కలిపి ఇద్దరు మనుషులు, రెండు బస్తాలు, ఒక సైప్రస్ చెక్క కంచె గుంజ. గుంజను గొట్టంలో నలభై అడుగుల లోతున బిగించి, పైన సిమెంటు పోసి, మూతికి ఇనప పలక అతికించారు. ఆ రెండో మనిషి పోయి పద్నాలుగేళ్లయింది.

"నాదే" అన్నాడు అల్సీడ్. "అరవై బస్తాలు."

హాలిస్ టిక్కు పెట్టుకుంది.

గ్యాసు దించడం మొదలైన పదహారో నెలలో, ఒక శుక్రవారం, ఓవిడ్ మామయ్య ఇంటి ముందు ట్రక్కు ఆపాడు. వరి కోసిన మళ్లలో నీళ్లు నిలిపి అతను రొయ్యల్లాంటి క్రాఫిష్ పెంచుతాడు.

"మామయ్యా, ఏడో నంబరు మూల నీళ్లు కుతకుతలాడుతున్నాయి. ఇక క్రాఫిష్‌ని పొయ్యెక్కించే పన్లేదు."

"కంపెనీకి చెప్పావా?"

"చెప్పా. కుళ్లిన గడ్డి బుడగలేమో, సోమవారం వస్తామన్నారు."

"అందాకా ఆ మూలకి పోకు."

"ఈస్టర్ ముందు పోకపోతే ఇంకెప్పుడు పోతాను? ఊరంతా ఉపవాసాలని మాంసం మానేసి నా క్రాఫిష్ బుట్టల కోసం చూస్తోంది. అయినా అరవై బస్తాలు పోశావుగా, భయమేంటి?"

అల్సీడ్ నోరు తెరిచాడు. "గాలి లేనప్పుడు పోకురా" అని మాత్రం అన్నాడు.

మర్నాడు తెల్లవారగానే ఉన్నది ఉన్నట్టు చెప్పేద్దామని బయల్దేరాడు. ఆకు కదలడం లేదు. అతను గట్టెక్కేసరికి ఓవిడ్ పడవ ఆ మూలనే ఉంది. ఇంజను ఆగిపోయింది. ఓవిడ్ దాన్ని తిప్పే తాడు రెండుసార్లు లాగాడు.

"వంగకురా! వదిలేసి ఇటు రా!"

ఓవిడ్ చెయ్యెత్తి ఊపాడు. ఇంజను మీదికి వంగాడు. మళ్లీ లేవలేదు.

అల్సీడ్ గట్టు దిగాడు. నాలుగో అడుగుకు కళ్లు తిరిగాయి. పాకుతూ పైకొచ్చాడు. గంట తర్వాత అగ్నిమాపక దళం వాళ్లు వీపున గాలి సిలిండర్లు తగిలించుకుని వెళ్లి ఓవిడ్‌ను తెచ్చారు.

గ్యాసు వచ్చింది ఏడో నంబరు నుంచి అయ్యుండదని కంపెనీ చెప్పింది. అరవై బస్తాలున్నాయని కాగితం చూపింది. అల్సీడ్ పోలీసు అధికారి షెరీఫ్ దగ్గరికి వెళ్లి పోసింది రెండు బస్తాలేనని చెప్పాడు. పెద్దాయన మేనల్లుడు పోయిన దుఃఖంలో ఏదో అంటున్నాడనుకున్నారు. అతను మూడుసార్లు వెళ్లాడు.

జూన్‌లో బావి తెరిచారు. ఎల్మీర గట్టు మీద నిలబడింది. అల్సీడ్ ఆమెకు పది అడుగుల దూరంలో ఉన్నాడు. నలభై అడుగుల దగ్గర డ్రిల్లు తడి చెక్కపొట్టు పైకి తెచ్చింది. హాలిస్ దాన్ని చేతిలోకి తీసుకుంది.

ఎల్మీర అల్సీడ్ వైపు తిరిగింది.

"ఆ రోజు నా వంటింట్లో కూర్చున్నప్పుడు ఇది గుర్తుందా మీకు?"

"ఉంది."

ఆమె ట్రక్కెక్కి వెళ్లిపోయింది. అల్సీడ్ వచ్చింది కూడా ఆ ట్రక్కులోనే. ఇంటికి నాలుగు మైళ్లు. నడవడం మొదలుపెట్టాడు.