వెనక లైను

"ఇల్లు చూడమని తీసుకొస్తే ఈవిడ తూములు చూస్తుందేమిట్రా" అంది అత్తగారు కొడుకు వైపు తిరిగి, కోడలికి వినపడేంత గొంతుతో.

ఆ మాట పడే సమయానికి కోడలు ఆ ఇంటి వెనక బాత్‌రూంలో, బట్టలు తడవకుండా పైకి దోపుకుని, నిండు బకెట్టు నీళ్ళు ఒక్క విసురున కుమ్మరించి, తూము దగ్గర వంగి నిలబడి ఉంది. మనసులో అంకెలు లెక్కపెడుతోంది. పది అనేలోపు నీళ్ళు దిగిపోవాలి. ఇరవై అయింది, ముప్ఫై అయింది, నీళ్ళు పాదాల చుట్టూ తాపీగా తిరుగుతున్నాయి. ముప్ఫై ఆరు దగ్గర తూము ఒక గుటక వేసింది. అప్పుడు కదిలాయి. ఆ గుటక ఆమెకు బాగా పరిచయం. ఇప్పుడున్న అద్దె ఇంట్లో పదకొండేళ్ళుగా వింటున్నదే.

హాల్లో ఆమె భర్తా బావగారూ గోడలు తట్టి చూస్తున్నారు. బావగారంటే భర్తకు అన్న, ఈ ఇంటిని వెతికి తెచ్చిన మనిషి. కాబట్టి ఇంట్లో లోపం ఉందంటే ఆయన్ని తప్పు పట్టినట్టే. "గోడ చూడరా, ఎంత మందమో. ఇప్పుడెవడు కడతాడిలా" అంటున్నాడాయన. భర్త తలెత్తి పైకప్పు చూస్తున్నాడు. సోఫా ఎటు వెయ్యాలో, టీవీ ఏ గోడకి పెట్టాలో అప్పటికే తేలిపోయింది. ఇల్లు కొనేటప్పుడు మగవాళ్ళు ఎంతసేపూ పైకే చూస్తారు. కింద ఏం పోతోందో, ఎటు పోతోందో వాళ్ళకి పట్టదు. వాళ్ళ లెక్కలో నీళ్ళు కుళాయి దగ్గర మొదలై ఒంటి మీద పడగానే అయిపోతాయి. ఆ తర్వాత వాటిని సాగనంపే పని ఎవరో ఒకరు చూసుకుంటారు.

ఆ ఎవరో ఒకరు ఆమే. అద్దె ఇంట్లో తూము పొంగేది ఎప్పుడూ పొద్దున్నే, అదీ ఆమె డ్యూటీకి బయల్దేరే ముందే. భర్త బాత్‌రూం గుమ్మంలో నిలబడి "పొంగిందోయ్" అని కేకేసేవాడు, పొయ్యి మీద పాల సంగతి చెప్పినట్టు. కేకేయడంతో తన వంతు తీరిపోయినట్టు వెళ్ళి పేపరు అందుకునేవాడు. ఆమె తలుపు వెనక నుంచి లావుపాటి ఇనప తీగ తీసేది. ఒక కొస కొక్కెంలా వంచింది, రెండో కొసకి చెయ్యి కోసుకోకుండా పాత దిండు గలీబు ముక్క చుట్టింది. గొంతుక్కూచుని తీగ లోపలికి దూర్చి, తిప్పి, లాగి, వెంట్రుకలూ సబ్బు జిడ్డూ చెప్పుకోలేనివీ బయటికి తీసి, అంతా కడిగి, మళ్ళీ స్నానం చేసి, ఏమీ తినబుద్ధి కాక ఖాళీ కడుపుతో పరుగెత్తేది. "ప్లంబర్ని పిలవండి" అంటే, "వాడొచ్చి చేసేదీ అదేగా, వాడికంటే నువ్వే బాగా చేస్తావ్" అనేవాడు. ఈ పదకొండేళ్ళలో అతను నోరారా మెచ్చుకున్న పని అదొక్కటే. ఆమె పనిచేసేది స్కానింగ్ సెంటర్‌లో, ఎక్స్‌రేలు తీసే పని. ఒకరోజు మేనేజరు అందరి ముందూ ముక్కు ఎగబీల్చి "బాత్‌రూములు కడిగేవాళ్ళని మెషీన్ గదిలోకి ఎవరు రానిచ్చారు? ఫినాయిలు కొడుతోంది" అన్నాడు. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది, మేనేజరు మీద కాదు, తన మీదే. అందుకే సొంత ఇల్లు అన్న మాట పుట్టిన రోజు నుంచీ ఆమె అడిగింది బాల్కనీ కాదు, పూలకుండీలు కాదు. పోసిన నీళ్ళు పోసినట్టు పోయే ఇల్లు కావాలంది. మిగతా బతుకంతా ఆ తూము ముందు గొంతుక్కూచోవడం తనవల్ల కాదు.

చేతులు తుడుచుకోడానికి గుడ్డ దొరుకుతుందేమోనని బాత్‌రూం తలుపు వెనక చూసింది. అక్కడ మేకుకి ఒక తీగ వేలాడుతోంది. వంచిన కొస, చుట్టిన గుడ్డ, ఆ గుడ్డ మీద ఎన్నో ఏళ్ళ చేతి నలుపు. తల తిప్పితే గుమ్మంలో ఆ ఇంటావిడ, డెబ్బై దాటిన ముసలావిడ, తీగనీ ఆమెనీ మార్చి మార్చి చూస్తోంది.

"ఎన్నాళ్ళకోసారి వాడతారండీ ఇది?" అనడిగింది ఆమె నెమ్మదిగా.

ముసలావిడ నోరు తెరిచేలోపు హాల్లోంచి ఇంటాయన గొంతు వినపడింది. "అక్కడేం చేస్తున్నావ్? వాళ్ళకి టీ ఇవ్వు." ఆవిడ తెరిచిన నోరు మూసుకుని, తీగ కనపడకుండా తలుపు గోడకి ఆనించేసి, వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఇంటికొచ్చాక ఆమె ఒకటే మాట పట్టుకుని కూచుంది. భూమిలో ఉన్న మురుగు పైపులోకి కెమెరా పంపి చూసేవాళ్ళున్నారు. వెనక బాత్‌రూం నుంచి వీధిలోకి కలిసేదాకా పైపు మొత్తం చూపించాకే సంతకాలు.

"ఏమ్మా ఇంజనీరమ్మా" అన్నాడు బావగారు నవ్వుతూ. "పెద్దవాళ్ళు, పరువుగా బతికినవాళ్ళు. మీ దొడ్లో కెమెరా పెడతామంటే ఏమనుకుంటారు? నేను మాటిచ్చొచ్చాను అక్కడ."

"బకెట్టు నీళ్ళు కాసేపు నిలబడ్డాయని ఇల్లు వదులుకుంటామా?" అన్నాడు భర్త.

"మేం కాపురాలు చెయ్యలేదా? తూముల్లోకి తొంగిచూసి చేశామా?" అంది అత్తగారు. అంటున్న ఆవిడ కుడిచేతి బొటనవేలి గోరు, ఎప్పుడో ఏ మురుగు గుంట మూతో పడి చితికి నల్లగా వంకరగా పెరిగిన గోరు, ఆమెకు ఎదురుగా కనపడుతూనే ఉంది. ఆ గోరు సంగతి ఆవిడ ఎవరికీ చెప్పుకోలేదు. ఆ ఇంట్లో ఎవరూ అడగనూ లేదు.

ఆమె గొంతు పెంచలేదు. "లోను ఇద్దరి పేరా తీసుకుంటున్నాం. నా సంతకం కూడా కావాలిగా" అని మాత్రం అంది. చివరికి భర్త లేచి "సరేలే, ఈ ముచ్చట కూడా తీరుద్దాం" అన్నాడు.

కెమెరా మనిషికి ఫోను చేసి చెప్పింది ఆమే. వెనక నుంచి వీధిదాకా, ఒక్క అడుగు వదలకుండా అని రెండుసార్లు చెప్పింది. అలాగే మేడం అన్నాడు. మంగళవారం పదకొండింటికి వస్తానన్నాడు. ఆమె ఒక పూట సెలవడిగింది. "ఇల్లు కొనేది మీవారు కదండీ, మధ్యలో మీరెందుకు" అన్నాడు మేనేజరు, ఆ రోజు రావలసిన పేషంట్ల జాబితా ఆమె చేతిలో పెడుతూ.

మంగళవారం మధ్యాహ్నం అన్నం డబ్బా తెరుస్తుండగా ఫోన్‌కి వీడియో వచ్చింది. కింద భర్త మాట: చూపించాం. అంతా క్లీన్. ఇక సంతోషమేనా? ఆమె డబ్బా పక్కన పెట్టి వీడియో నొక్కింది. పైపు లోపల గుండ్రంగా, తేటగా ఉంది. అడుగున సన్నని నీటిధార సాఫీగా పోతోంది. "బాగుంది సార్, ఎక్కడా పగుళ్ళు లేవు" అంటోంది కెమెరా మనిషి గొంతు. ఆమెకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పాపం, అనవసరంగా అందర్నీ ఇబ్బంది పెట్టాననుకుంది. సాయంత్రం వెళుతూ స్వీట్లు కొనుక్కెళదామనుకుంది. అంతలో, తన వృత్తిలో పడిన అలవాటు కొద్దీ, కళ్ళు బొమ్మ మూలకి పోయాయి. ఏ ఎక్స్‌రే చూసినా ముందు మూల చూడాలని పనిలో చేరిన మొదటిరోజే నేర్పారు. అది ఎవరిది, కుడా ఎడమా అని అక్కడే రాసి ఉంటుంది. అక్కడ పొరబడితే మంచి కాలికి కట్టు కడతారు. వీడియో మూలలో, కెమెరా ఎంత దూరం పోయిందో చెప్పే అంకె ఉంది. మళ్ళీ మొదటి నుంచి చూసింది. సున్నా దగ్గర కనపడింది ముందు మెట్ల పక్కనున్న మ్యాన్‌హోల్ మూత. వీధి లైనులో కలిసేసరికి ఇరవై నాలుగు అడుగులు. అక్కడితో అయిపోయింది. ఇంటి ప్లాను కాగితం ఆమె బ్యాగులోనే ఉంది. ముందు మెట్ల నుంచి వెనక గోడదాకా అరవై రెండు అడుగులు. అంటే కెమెరా ఇంటి కిందకి పోనేలేదు. గుటక వేసిన తూము నుంచి ముందు మూతదాకా ఒక్క అడుగు ఎవరూ చూడలేదు.

కెమెరా మనిషికి ఫోను చేసింది. "నేనడిగాను మేడం" అన్నాడతను నొచ్చుకుంటూ. "వెనక మూత తియ్యాలంటే పైన పరిచిన బండలు కదపాలి. ఇంటివాళ్ళు ఇబ్బంది పడుతున్నారు, ముందుది చూస్తే చాలు అన్నారు సారు."

"మళ్ళీ రాగలరా?"

"వస్తాను మేడం. సారుతో ఒక మాట చెప్పించండి."

ఆమె ఫోను పెట్టేసి మెషీన్ గదిలోకి వెళ్ళింది. ఆ మధ్యాహ్నమంతా ఎముకలు చూసింది. విరిగినవి విరిగినట్టు కళ్ళెదుటే కనపడుతుంటే, ఏమైందమ్మా అని అడిగినవాళ్ళకి "డాక్టరుగారు చెప్తారండీ" అంటూ వచ్చింది. చూసేది ఆమె, చెప్పేది వేరొకరు. ఉద్యోగంలో అది రూలు, అందుకు జీతమిస్తారు. ఇంట్లో ఆ రూలు ఎవరు పెట్టారో, తను ఎప్పుడు ఒప్పుకుందో, ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు.

సాయంత్రం భర్త బూట్లు విప్పుకుంటుండగా అడిగింది. "వెనక లైను ఎందుకు చూపించలేదు?"

"ముందుదే కదా మెయిన్" అన్నాడతను లేసు ముడి విప్పుకుంటూ. "వెనకది ఎవరు వాడతారు?"

అతను వెటకారంగా అనలేదు. వెటకారమైతే పోట్లాడేది. నిజంగానే అతని మనసులో ఆ వెనక భాగంలో మనుషులెవరూ లేరు. వంటింటి సింకు వెనకే, అంట్లు వెనకే, బట్టలుతికే గట్టు వెనకే, ముందు బాత్‌రూం అతనికీ వచ్చిపోయేవాళ్ళకీ అని తేలిపోయింది గనక తన స్నానం, అత్తగారి స్నానం వెనకే. రోజు మొత్తం మీద ఆ ఇంట్లో పారే నీళ్ళలో ముప్పాతిక వంతు తన చేతుల మీదుగా వెనక్కే పోతాయి. పదకొండేళ్ళుగా తను రోజులో సగం గడిపింది ఎవరూ వాడని చోట అన్నమాట. ఇదంతా నోటిదాకా వచ్చింది. "నేను వాడతాను" అని మాత్రం అనగలిగింది. "అబ్బా, నువ్వు సర్దుకుంటావులే" అని అతను టీవీ పెట్టాడు. మర్నాడు బావగారు కెమెరా మనిషి ఇచ్చిన కాగితం తెచ్చి బల్ల మీద పెట్టాడు. "నువ్వు చూపించమన్నావు, చూపించాం కదమ్మా. ఇదిగో, బాగుందని రాసిచ్చాడు. ఇంకేం కావాలి?" తను పట్టుబట్టి తెప్పించిన కాగితమే తన నోటికి అడ్డం పడింది. ఇంటి కింద ఉన్న అరవై రెండు అడుగుల్లో ఎన్ని చూశారని అడిగింది. లెక్కలు తర్వాత చూసుకుందాంలే అని నవ్వాడాయన.

శుక్రవారం రిజిస్ట్రారు ఆఫీసులో బెంచీల మీద ఎదురెదురుగా కూచున్నారు, అమ్మేవాళ్ళు ఒకవైపు, కొనేవాళ్ళు ఒకవైపు. ముసలావిడ ఒళ్ళో చేతులు పెట్టుకుని నేల వైపు చూస్తోంది. ఆమె వంతు వచ్చింది. ఆఫీసరు తలెత్తకుండానే, అందరినీ అడిగే ప్రశ్న ఆమెనీ అడిగాడు.

"మీ ఇష్టంతోనే సంతకం పెడుతున్నారా?"

ఈ ఇంటి విషయంలో ఆమె ఇష్టం అడిగిన మొదటి మనిషి అతనే. ఆమె నోరు తెరిచింది. "వెనక..." అంది. ముసలావిడ చటుక్కున తలెత్తింది. భర్త ఆమె మోచేతి మీద మెత్తగా చెయ్యి వేసి, "అవునండీ, ఇష్టమే" అన్నాడు. ఆఫీసరు టిక్కు పెట్టుకుని కాగితం ఇటు తిప్పాడు. భర్త పెన్ను మూత అప్పటికే తీసి ఉంచాడు. వెనక లైనులో కూచున్న ఎవరో తొందరగా కానివ్వండి అన్నారు. ఆమె సంతకం పెట్టింది. రేపు ఎవరడిగినా బలవంతం చేశారని చెప్పడానికి లేదు. చెయ్యి ఆమెదే, రాత ఆమెదే.

ఆ మధ్యాహ్నమే ఇల్లు అప్పజెప్పారు. ముసలాయన హాల్లో నిలబడి తాళాల గుత్తి భర్త చేతిలో పెట్టాడు. బావగారు ఫోటో తీశాడు. ముసలావిడ వెనక నుంచి వచ్చి ఆమెను పక్కకి పిలిచి, చేతిలో ఉన్నది అందించింది. ఇనప తీగ. నల్లబడిన పాత గుడ్డ తీసేసి, తెల్లని కొత్త గుడ్డ బిగుతుగా చుట్టి ఉంది.

"ఎన్నాళ్ళకోసారి అని అడిగావు కదమ్మా ఆ రోజు" అంది మెల్లిగా. "వానాకాలం అయితే రోజూ. మామూలప్పుడు వారానికి రెండుసార్లు." మరి ఆ రోజే ఎందుకు చెప్పలేదని ఆమె అడగలేదు. ముసలావిడ ఆమె చెయ్యి ఒకసారి నొక్కి వదిలి, మొగుడి వెనక మెట్లు దిగి వెళ్ళిపోయింది.

అత్తగారు అప్పటికే మొదటి ట్రిప్పు సామాను దింపిస్తోంది. బకెట్లు, బట్టల టబ్బు, సబ్బుల బుట్ట గుమ్మంలో పేర్చి ఉన్నాయి. "ఇవన్నీ వెనక్కి పంపించనా?" అని అడిగింది కోడల్ని.

ఆమె చేతిలో తీగతోనే వెళ్ళి, హాలు పక్కనున్న ముందు బాత్‌రూం తలుపు తెరిచింది. తలుపు వెనక, భర్త తన తువ్వాలుకని చెప్పి ఉంచిన మేకుకి తీగ తగిలించింది. వంటింటి సింకుని ఎత్తి ఇటు తీసుకురావడం కుదరదు. అది ఆమెకు తెలుసు. వానలు రెండు నెలల్లో మొదలవుతాయని కూడా తెలుసు.

"వద్దత్తయ్యా, ఇక్కడే పెట్టించండి" అంది. "వెనకది ఎవరు వాడతారు?"

అత్తగారు ఆమె మొహంలోకి చూసింది. తర్వాత తన స్నానం చెంబు తీసుకెళ్ళి ముందు బాత్‌రూంలో పెట్టుకుంది.

"అవునవును, వెనకది ఎవరు వాడతారు" అన్నాడు భర్త, ఏ తాళం ఏ గదిదో చూసుకుంటూ.