ఉనైసి పొట్టలో కాపురమున్నవాళ్ళు

మా ఫిజీ దీవుల్లో పొట్టల సంగతి నాకు తెలిసినంత ఏ డాక్టరుకీ తెలియదు. కొబ్బరిపాలలో ఉడికే చేప వాసనకి ఎవరి పొట్ట ఎలా మూలుగుతుందో కళ్ళు మూసుకుని చెప్పగలను. ఉనైసి పొట్ట మూలుగు మాత్రం ఎవరూ వినలేదు. వల వేసేదీ, కర్రపెండలం తవ్వేదీ, వండేదీ ఆవిడే. మగవాళ్ళు పెద్దరికపు చోటైన చాప పైచివర కూర్చుని తిని లేచేదాకా, గుమ్మం పక్కన విసనకర్రతో ఈగలు తోలేదీ ఆవిడే. మిగిలితే చేప తలకాయ, లేకపోతే గిన్నె అడుగు. "మా కోడలికి ఆకలి తక్కువ" అని అత్త అసెనాథా ఊరంతా చెప్పేది. వినగా వినగా ఉనైసికీ నిజమేననిపించింది.

చివరికి ఉనైసి పొట్టకి పుండు పడింది. అందులో సగం కోసి తీసేశాక, సువా ఆసుపత్రిలో మర్నాడే నర్సు ట్యూబు గుండా తెల్లటి ఆహారం పేగులోకి ఎక్కించింది. భర్త పెథెలి నోరెళ్ళబెట్టాడు.

"మేమింకా తిననే లేదు, నువ్వప్పుడే మొదలుపెట్టావేమే!"

"ఆగడానికి లేదన్నా," అంది నర్సు. "పేగుల్లో కంటికి కనపడని జీవులు కోట్లకొద్దీ కాపురముంటాయి. పస్తు పెడితే మంచివి తగ్గిపోతాయి, చెడ్డవి ఇల్లు ఆక్రమిస్తాయి. అక్క కోలుకోవాలంటే వాటికి వేళకి తిండి పడాలి."

ఈ మాట పెథెలి నోట వినేదాకా పేగంటే నాకు పడవ తాడు చుట్టే. డాక్టర్ల గురించి పైన కోసిన కోతలు వెనక్కి తీసుకుంటున్నాను.

ఉనైసి కుట్లు పట్టుకుని నవ్వింది. నా లోపల ఇంతమందా, అనుకుంది. ఇన్నేళ్ళూ నాతోపాటు వాళ్ళనీ గుమ్మం దగ్గరే కూర్చోబెట్టానా? వాళ్ళకి ఆకలి తక్కువని ఎవరూ అనరేం? వాళ్ళ కోసం నర్సు పరుగున వస్తుంది. మరి నా కోసం నేను ఏనాడైనా ఒక్క ముక్క ముందుగా తీసుకున్నానా?

ట్యూబుతోనే ఇంటికొచ్చింది. భోజనాల వేళకి ఆహారపు సంచిని గోడ మేకుకి తగిలించుకునేది.

"మగాళ్ళింకా ప్రార్థనైనా చెయ్యలేదే!" అనేది అత్త.

"నాక్కాదత్తా, లోపలివాళ్ళకి."

దాంతో విసనకర్ర పెథెలి చేతికొచ్చింది.

ట్యూబు తీసేసిన రోజు అత్త గుమ్మం పక్కన చోటు చూపించింది. "లోపలివాళ్ళ గొడవ తీరిందిగా. ఇక నీ చోటుకి రా."

ఉనైసి పళ్ళెం పట్టుకుని చాప పైచివరకి నడిచింది. భర్త పక్కన కూర్చుని, మెత్తటి చేప నడుం ముక్క వడ్డించుకుంది.

"ఎవరికే అది? లోపలివాళ్ళకా?" అన్నాడు పెథెలి.

"కాదు. నాకే. ఆకలేస్తోంది."

పెథెలి పగలబడి నవ్వుతూ పక్కకి జరిగాడు. గుమ్మం దగ్గర కూర్చున్న అత్త వెంటనే లేచొచ్చి కోడలి పక్కన కూర్చుంది.

'వెంటనే' అన్నది మాత్రం నా కల్పన. ముందు వంటింట్లోకెళ్ళి, అన్నిటికంటే పెద్ద పళ్ళెం వెతికి తెచ్చుకుంది.