ఇల్లు లేనివాడి జ్వరం

రోజూ పొద్దున పదింటికి నాలుగు రేవు పట్టణాల ఆరోగ్య కార్యాలయాలు ఒకే ఫోన్లో కలుస్తాయి. ఎవరి ఊళ్ళో ఎంతమందికి మచ్చల జ్వరమో చెప్పుకుంటాయి. దేశాలు వేరైనా ఓడలు అవే, జ్వరమూ అదే. ఈ ఊరి తరఫున మాట్లాడేది గుమాస్తా. ఆరేళ్ళ కిందట అవతలి రేవువాళ్ళు ఇలాంటి జ్వరం సంగతే రెండు రోజులు కడుపులో దాచుకున్నారు. ఆ జ్వరం ఇక్కడికీ పాకి అతని భార్య పోయింది. ఆ ఊరి మాటెత్తితే ఇప్పటికీ మొహం మాడ్చుకుంటాడు.

"మాకు సున్నా," అన్నాడు.

"సున్నా ఏంటన్నయ్యా!" అంది అవతలి రేవు నర్సమ్మ. "మీ దగ్గర్నుంచి వచ్చిన ఓడలో ముగ్గురు పోయారు. పది రోజులు మీ నావికుల సత్రంలోనే ఉన్నారంట."

"వాళ్ళు మా ఊరివాళ్ళు కాదు. రోగిని సొంతూరి కిందే రాయాలని నలుగురం కలిసే కదా అనుకున్నాం?"

"వాళ్ళకి ఓడే ఊరు. మీరు రాస్తారని మేము, మేము రాస్తామని మీరు. బావుంది! ఇల్లు లేనోడికి జ్వరమే రాదన్నమాట."

గుమాస్తా పక్కనున్న కాగితాల అరల వైపు చూశాడు. సత్రం డాక్టరు పంపిన చీటీలో ఏడు పేర్లున్నాయి. పోయిన వారం 'పరాయి ఊళ్ళు' అన్న అరలో తానే పడేశాడు. ఆ సత్రం దుప్పట్లు ఉతికేది అతని కూతురు. అయిదో నెల. నిన్న ఒళ్ళు వెచ్చబడిందంటే ఎండ దెబ్బ అన్నాడు.

ఫోను మీద చెయ్యి అడ్డుపెట్టి, గదిలోనే ఉన్న తన పై అధికారికి చెప్పాడు. అధికారి తలుపు మూశాడు.

"సాయంత్రం దాకా నోరు మెదపకు. రేవు మూతబడితే నా తోలు తీస్తారు. ఈలోగా మీ అమ్మాయిని పడవెక్కించి అత్తారింటికి పంపెయ్. ఇక్కడుంటే జ్వరాల వార్డులో పడేస్తారు. అక్కడికెళ్ళినోళ్ళు ఎలా వస్తారో నీకు నేను చెప్పాలా?"

చెప్పనక్కర్లేదు. అత్తారిల్లు మూడో రేవులో ఉంది. మధ్యాహ్నం పడవ దొరుకుతుంది. ఆ పడవలో ఎనభై మంది ఉంటారు.

"అన్నయ్యా, ఉన్నారా?" అంటోంది ఫోను.

"ఉన్నాను. రాసుకోండి. నావికుల సత్రం, ఏడుగురు. తప్పు నాది." అరలోంచి చీటీ తీసి బల్ల మీద పెట్టాడు. "ఎనిమిదో మనిషి, అనుమానం. దుప్పట్లు ఉతికే ఆమె. సబ్బుల వీధి, పై వాటా. ఏ పడవా ఎక్కకుండా చూడండి."

అధికారి నోటికొచ్చినట్టు తిట్టాడు. గుమాస్తాకు ఒక్క ముక్కా చెవికెక్కలేదు. జ్వరాల వార్డుకు ఫోన్ చేసి అదే చిరునామా చెప్పాడు.

గంట తిరక్కుండానే కూతురు ఫోన్ చేసింది.

"నాన్నా, గుమ్మంలో ముసుగులోళ్ళున్నారు. నా పేరు చెబుతున్నారు. భయమేస్తోంది, నువ్వొచ్చి పంపెయ్యి."

"నేనే పంపానమ్మా. వాళ్ళతో వెళ్ళు."

అవతల తలుపు గడియ తీసిన చప్పుడైంది.

"లోపల ఫోను ఉంచుకోనిస్తారా?"

అతనికి తెలీదు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఆ మాట ఎవరినీ అడిగిన పాపాన పోలేదు.